భూలోకమల్లుని వంటశాలలో వరాహము



ఈ సాయంకాలము నేను చెప్పబూనిన కథ పందిమాంసమును గూర్చినది. ఈ మాట వినుటతోడనే రేడియో కట్టివేయుటకు చేయి చాచినవారు కొందఱుందురు. కట్టవలదని నా మనవి. నేను మాంసము ముట్టని యింట పుట్టినవాడను, ఇప్పటికిని ముట్టలేదు. కావ్యములును వ్యాకరణమును కొంత చదివి, ముప్పదియేండ్లకు పైగా పల్లెటూళ్ల బడులలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. కావున ఆ మాంసపు రుచి యెట్లుండునో చెప్పుట నాకు చేతగాదు. దాని చరిత్రమును మాత్రము చెప్పగలను. చెప్పవలసిన ఋణమొకటి కూడ నామీద నున్నది. అది యేమో నడుమ చెప్పెదను.

కల్యాణి యను పట్టణము పేరు మీరు వినియుందురు. నేటి కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలో బసవకల్యాణ మని పిలువబడుచున్నది. మన జహీరాబాదు దాటి పడమటికి పోవువారికి అది దూరము కాదు. పదునొకండవ, పండ్రెండవ శతాబ్దములలో నది పశ్చిమ చాళుక్యుల రాజధాని. మన తెలంగాణమున పెద్ద భాగము ఆనాడు వారి యేలుబడిలోనిదే. కాకతి వంశపు ప్రోలరాజు వారి సామంతుడు. అతని కుమారుడు రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున తన విజయములను చెక్కించిన పిదపగదా ఆ కట్టు తెగినది. అనగా నేను చెప్పబోవు రాజు మనకు పరాయివాడు కాడు. మన తాతముత్తాతలు పన్ను కట్టినది ఆయనకే.

ఆ రాజు మూడవ సోమేశ్వరుడు. ఆయన బిరుదము భూలోకమల్లుడు. ఆయన తండ్రి ఆఱవ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వఱకు, అర్ధశతాబ్దము పాటు, రాజ్యమేలెను. ఆ తండ్రి కొలువుననే బిల్హణకవి యుండెను. ఆ కల్యాణిలోనే విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాసెను. హిందువుల ఆస్తి పంపకముల తగవులలో తరతరములుగ న్యాయస్థానములు ప్రమాణముగ గొనిన గ్రంథమది. అట్టి విద్యాపీఠమున పెరిగిన సోమేశ్వరునికి కత్తికంటె గంటముమీద మక్కువ యెక్కువ. 1126లో సింహాసనమెక్కి 1138 వఱకు పాలించెను. వేంగీదేశము ఆయన కాలముననే చేజారిపోయినది. రాజ్యము తఱిగినదిగాని గ్రంథము మిగిలినది.

ఆ గ్రంథమునకు మానసోల్లాసమని యొక పేరు, అభిలషితార్థ చింతామణి యని మఱియొక పేరు. సంస్కృత శ్లోకములలో నూఱధ్యాయములు. ఇరువది అధ్యాయముల కొక వింశతి చొప్పున ఐదు వింశతులు. శక సంవత్సరము 1051, అనగా 1129, అందు కనబడుచున్నది. రాజ్యమును సంపాదించుట, నిలుపుకొనుట, అనుభవించుట, వినోదించుట, ఆడుకొనుట: ఇంతవఱకును అందు గలదు. ఏనుగుల లక్షణములు, మణుల పరీక్ష, సంగీతము, చిత్రలేఖనము, గాలముతో చేపలు పట్టు తెఱగు, అన్నిటికిని చోటున్నది. బరోడాలోని గాయక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలవారు దీని మొదటి సంపుటమును 1925లో ముద్రించిరి.

ఇందు మూడవ వింశతిలో అన్నభోగమను ప్రకరణమొకటి యున్నది. రాజు భుజింపదగిన పదార్థములు, వండు విధములు అందలి విషయము. మినపపిండితో చేయు ఇడ్డరిక యందున్నది. అది మన యిడ్డెన తల్లియో అక్కయో కావలెను. దోసెకు పూర్వరూపమైన ధోసక మున్నది. గారెవంటి వటక మున్నది. ఇంతవఱకు చదివి సంతోషించు శాకాహారి పండితులు తరువాతి పుటలు త్రిప్పునపుడు కొంచెము తడబడుదురు. ఏలయన ఆ ప్రభువు మేకను, లేడిని, చేపను, తాబేలిని, ఏటియొడ్డు పొలముల నుండు ఎలుకను గూడ విడువలేదు. వానిలో ఆయన శ్రద్ధగా చెప్పినవానిలో నొకటి వరాహము.

ఇచట నొక చిత్రమున్నది. చాళుక్యుల రాజముద్ర వరాహము. వారి శాసనములపైని, ధ్వజముపైని, నాణెములపైని వరాహమూర్తియే. ఆ నాణెముల మూలమున బంగారు నాణెమునకే వరహా యను పేరు వచ్చినది. మన పెద్దలు సంభావనలలో వరహాలు లెక్కించిన కాలము నిన్నమొన్నటిది. కాకతీయులును ఆ లాంఛనమునే ధరించిరి. భూమిని కోరపై నెత్తిన దేవుని ముద్రగా ధరించిన రాజు, ఆ జంతువునే యెట్లు కాల్చి తినవలెనో శ్లోకములలో వ్రాసెను. ఆయనకు అందు విరోధమేమియు తోచలేదు. తోచినది మనకు. ఎందుకు తోచినదో తరువాత చూతము.

ఇక వంట. దీనిని కొంచెము నిదానముగ చెప్పనిండు.

పందికి వెంట్రుక దట్టము, తోలు మందము. మేకవలె తోలు ఒలిచి వండినచో తోలుక్రింది కొవ్వు పోవును. కొవ్వు పోయిన మాంసము ఎండి పీచువడును. కావున తోలు నుంచవలెను, వెంట్రుక తీయవలెను. సోమేశ్వరుడు దీనికి రెండు త్రోవలు చెప్పెను. మొదటిది: తెల్లని గుడ్డ కప్పి, దానిపై సలసల కాగిన నీరు పోయుచుండుట. గుడ్డ వేడినీటిని పట్టియుంచును. నీరు జారిపోక తోలంతట సమముగ నానును. లాగిన వెంట్రుక చేతికి వచ్చువఱకు పోసి, మిగిలినదానిని కత్తితో గీకివేయవలెను. రెండవది: ఒడలంతయు మట్టి పూసి గడ్డిమంటతో కాల్చుట. మట్టి యెందుకన్న ప్రశ్నకు గ్రంథము సమాధానము చెప్పదు గాని కారణము ఊహింపవచ్చును. గడ్డిమంట క్షణములో లేచి క్షణములో ఆరును. మట్టిపూత తోలునకు కవచమై వెంట్రుకను మాత్రము కాలనిచ్చును.

పిమ్మట కడిగి శుభ్రము చేసి నిప్పులపై కాల్చుట, ఆపైని తఱిగి తునకలు చేయుట. ఇట్లు సిద్ధమైన వరాహమాంసమునకు ఆయన పెట్టిన పేరు సుంఠకము. కొవ్వుతో గూడిన మాంసమును తాటాకువలె పలుచగ, పొడవుగ కోసిన చీలికలకు చక్కలిక లని పేరు. వానిని సంభారములు కలిపిన పెరుగులో వేయుదురు. వేఱొక విధమున, మాంసపు తునకలకు తూట్లు పొడిచి వానిలో సంభారములు కూరి శలాకలకు గ్రుచ్చి కాల్చినది భడిత్రకము. నేటి పట్టణములలో కబాబని పేరు చెప్పి యమ్మునది దీని చుట్టమే. ఉప్పు, ఇంగువనీరు, అల్లము, మిరియము: ఇవి ఆ వంటయింటి ముఖ్యద్రవ్యములు. మిరపకాయ ఆనాడు మన దేశమున లేదు. అది అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్టు రేవున దిగిన తరువాత పోర్చుగీసుల యోడలలో వచ్చినది. మిరప లేని మాంసము తెలుగువాడెట్లు తినెనని శంకింపవలదు. మిరియమునకు గూడ కారము కలదు.

ఈ వంటలో గమనింపదగిన దొక్కటి. వేడినీటితో నొకసారి, మంటపై మఱియొకసారి, కోసిన పిదప పులుపులో నింకొకసారి: ఇట్లు తొందరలేక అంచెలంచెలుగ సాగు పని యిది. వరాహపు జబ్బయు, మెడయు, ఎప్పుడును కదలాడు అవయవములు. వానిలో నరపుజిగురు మెండు. పెనుమంటపై వేగిరముగ వండినచో ఆ జిగురు బిగిసి మాంసము తోలుతాడగును. సన్నని సెగపై గంటలకొలది నుంచినచో ఆ జిగురే కరగి బంకనీరై కండకు మెత్తదనమిచ్చును. తోలుక్రింది కొవ్వు మెల్లగా కరగి క్రిందికి జాఱుచు, ఎవరును నూనె పోయకయే, మాంసమును తడుపుచుండును. నేటి శాస్త్రజ్ఞులు ఉష్ణమాపకము పెట్టి, నరపుజిగురు డెబ్బది డిగ్రీలు దాటిన తరువాతనే చక్కగ కరగునని, తొంబది దగ్గఱకు వచ్చుసరికి జబ్బ మాంసము వ్రేలితో విడివడునని చెప్పుచున్నారు. భూలోకమల్లుని వంటవానికి మాపకము లేదు. చేయియే మాపకము.

ఈ మాంసము సోమేశ్వరునితో మొదలైనది కాదు. చరకుడు వరాహమాంసము గురువు, స్నిగ్ధము, బలకరము, అలసట తీర్చునది, వాతహరము అని చెప్పెను. మనుస్మృతి శ్రాద్ధప్రకరణమున వరాహమాంసముచేత పితృదేవతలు పది నెలలు తృప్తినొందుదురని యున్నది. ఆ మనువే ఐదవ అధ్యాయమున ఊరపందిని నిషేధించెను. ఈ రెండు మాటలును ఒక్క గ్రంథమునందే యున్నవని మఱువరాదు. అడవిలో దుంపలు త్రవ్వి తిను వరాహము వేఱు, ఊరి పెంటపై తిరుగు విడ్వరాహము వేఱు. నిషేధము జంతువునకు గాదు, దాని మేతకు. బౌద్ధుల మునికజాతకమున ఒక గృహస్థుడు కూతురి పెండ్లి విందునకై పందికి గంజిపోసి పెంచుట కలదు. దానిని జూచి యొక యెద్దు అసూయపడినదట. బుద్ధభగవానుడు పావా నగరమున చుందుడను కమ్మరి యింట తిన్న చివరి భోజనము పేరు సూకరమద్దవము. మద్దవమనగా మార్దవము, మెత్తనిది. మెత్తని పందిమాంసమని కొందఱును, పందులు త్రొక్కిన వెదురు మొలకలని కొందఱును, పుట్టగొడుగులని కొందఱును వ్యాఖ్యానించిరి. ఆ వాదము తేలినది కాదు. మనము తేల్చనక్కఱ లేదు.

సోమేశ్వరుని తరువాత నాలుగు వందల యేండ్లకు విజయనగరమునకు పోదము. కృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు ఆ నగరము చూచి తన దేశమునకు వ్రాసి పంపెను. కొన్ని వీథులలో పందిమాంసమమ్మువారి యిండ్లుండెననియు, ఆ మాంసమంత తెల్లగ, శుభ్రముగ నుండునది మఱి యే దేశమునను కానరాదనియు, ఒక్కొక్క పంది వెల నాలుగైదు పణములనియు అతడు చెప్పెను. గుఱ్ఱముల వ్యాపారి నూనిజ్, 1535 ప్రాంతమున, ఆ రాజులు ఆవును ఎద్దును తప్ప తక్కిన వన్నియు తిందురని, వానిలో పంది యొకటియని వ్రాసెను. కావున తురుష్క ప్రభుత్వము వచ్చిన వెంటనే యిది మన పళ్లెములనుండి పోయినదని కొందఱు చెప్పు మాట నాకు నచ్చలేదు. కల్యాణి పోయి, ఓరుగల్లు పోయి, బహమనీలు వచ్చి ఇంచుమించు రెండు వందల యేండ్లకు గూడ తుంగభద్రయొడ్డున హిందూరాజు రాజధానిలో అది బజారున అమ్ముడుపోవుచునే యుండెను.

మఱి యెప్పుడు పోయినది? ఒక్కనాడు పోలేదని నా తలంపు. జైనుల, వీరశైవుల బోధ కొంత. దొరతనపు మర్యాదలు కొంత. కాని మూలకారణము మనువు చెప్పినదే. అడవులు తఱిగి ఊళ్లు పెరిగినకొలదియు వరాహము దూరమై ఊరపంది మిగిలినది. మన మలమును మనమే బయట వదలి, దానిని తిని ఊరు శుభ్రము చేసిన పందిని అసహ్యించుకొంటిమి. పందిని అసహ్యించుకొన్న నోటితోనే దానిని మేపువారిని గూడ అసహ్యించుకొంటిమి. ఈ రెండవదానికి నేను సాక్షిని మాత్రమే కాను, పాలివాడను.

1989లో నేనొక ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేయుచుంటిని. ఎనిమిదవ తరగతిలో ఎఱుకల కుటుంబపు బాలుడొకడు చదువుచుండెను. ఛందస్సు వానికి పట్టువడినంత వేగముగ తక్కినవారికి పట్టువడలేదు; గణవిభజన చేయమన్నచో వ్రేళ్లు మడుచుచు క్షణములో చెప్పువాడు. ఒకనాటి మధ్యాహ్నమున వాడు తెచ్చుకొన్న డబ్బా మూత తీయగానే తక్కిన పిల్లలు ముక్కులు మూసికొని లేచిరి. ఫిర్యాదు నావద్దకు వచ్చెను. నేను పెద్దగ కోపపడలేదు. మెల్లగనే, మర్యాదగనే, "నువ్వు బయట చింతచెట్టు క్రింద తిని రారా" అంటిని. వాడు డబ్బా మూసికొని పోయెను. మఱునాడు బడికి రాలేదు. నాలుగు దినములు రాలేదు.

ఐదవనాడు ఆదివారము. వాని యిల్లు వెదకుకొనుచు పోతిని. ఊరి చివర, చెఱువుకట్ట దిగువ నాలుగు గుడిసెలు. ఆనాడు ఆ యింట ఏదో శుభకార్యము. వాని తాత వాకిట నిప్పులయొద్ద కూర్చుండి యుండెను. నన్ను చూచి లేచి, "అయ్యవారూ, మీరు ఇక్కడికి వచ్చారేంది" అని కంగారుపడి, ఎదురు గాలికి కూర్చుండవలదని నులకమంచము అవతలకు లాగించెను. నాకు పొగ తగులకూడదని ఆయన జాగ్రత్త. నేను కూర్చుంటిని. వచ్చిన పని చెప్పుటకు నోరు రాక, చేయుచున్న పని చూచుచుంటిని. రెండు గంటలు చూచితిని.

అంతకుముందే వరిగడ్డితో కాల్చి, కత్తితో గీకి, పసుపునీటితో కడిగిన జబ్బముక్క యొకటి, తోలుతో సహా, నా రెండు అరచేతుల వెడల్పున నుండెను. ముందు రాత్రియే తోలుపై కత్తితో గళ్లవలె గీతలు పెట్టి, ఉప్పు, నూరిన అల్లము వెల్లుల్లి, మిరియము, పసుపు పట్టించి యుంచిరట. ఉప్పు రాత్రంతయు లోనికి దిగవలెననియు, పైన చల్లిన యుప్పు నాలుకకే గాని కండకు చేరదనియు ఆయన చెప్పెను. వెడల్పు మూతి కుండ అడుగున వెదురుపుల్లలు అడ్డముగ పేర్చి, వానిపై ముక్కను తోలు పైకి వచ్చునట్లు పెట్టి, దోసెడు నీరు మాత్రము చల్లి, మూకుడు బోర్లించి అంచులకు తడిపిండి మెత్తెను. క్రింద పిడకల సెగ. మూకుటిపైన నాలుగు నిప్పులు. నేను పోవునప్పటికే రెండు గంటలైనదట. నడుమ నొక్కసారి యైనను మూత తీయలేదు. "తీస్తే ఆవిరి పోద్ది, అయ్యవారూ. ఆవిరి పోయినాక నిప్పు ఎంత పెట్టినా లాభం లేదు" అనెను.

తీసినపిదప ఇనుపసూది గ్రుచ్చి చూచెను. సూది వెన్నలో దిగినట్లు దిగినది. వచ్చిన నీరు తేటగ నున్నది. నీటిలో ఎఱుపు జాడ కనబడినచో మఱల పొయ్యి యెక్కింపవలసినదే యనెను. అప్పుడు ముక్కను ఎండు నిప్పులపై తోలు క్రిందుగ త్రిప్పి కొద్దిసేపు పట్టగా అది పెటపెటలాడి బొబ్బలెక్కి గట్టివడెను. వెంటనే కోయలేదు. మోదుగాకులు కప్పి పావుగంట యట్లే యుంచెను. వేడిలో కోసినచో రసమంతయు పలకమీదికి కాఱిపోవునట. ఆఱిన తరువాత పీచునకు అడ్డముగ, పలుచగ, పొడవుగ కోసెను.

ఆ పని నడుచుచుండగా ఆయన తన చిన్ననాటి సంగతులు కొన్ని చెప్పెను. ఆంగ్ల ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టమొకటి చేసి 1911లో దానిని మద్రాసు రాజధానికి విస్తరింపజేసినది. ఏ నేరము చేయకున్నను పుట్టుకచేతనే నేరస్థులని కొన్ని కులముల పేర్లు నమోదు చేసిరి. ఎఱుకలవారు అందు చేరిరి. బాపట్లదగ్గఱ స్టూవర్టుపురమను వలస 1913లో వారికొఱకే యేర్పడినది. ఆ చట్టము దేశమంతటను రద్దైనది 1952లో. తాను పడుచువాడుగ నున్నపుడు రాత్రివేళ పోయి హాజరు చెప్పి వచ్చుచుంటిననియు, పందులను మేపు నెపమున పొరుగూరికి పోవుటకు గూడ చీటి కావలసియుండెననియు ఆయన నవ్వుచు చెప్పెను. నేను వచ్చిన పని అప్పుడు చెప్పితిని. ఆయన ఏమియు అనలేదు. మనుమని పిలిచి, "అయ్యవారే ఇంటికొచ్చి పిలిచారు, రేపు పో" అని మాత్రము చెప్పెను.

బాలుడు మఱునాడు వచ్చెను. కాని ఆ యేడు ముగియువఱకు మధ్యాహ్నపు అన్నము తెచ్చుకొనలేదు.

మానసోల్లాసమును నేను చదివినది అందుకు ఐదారేండ్ల తరువాత. పట్టణపు గ్రంథాలయమున అన్నభోగ ప్రకరణము చదువుచు సుంఠకముదగ్గఱకు రాగానే చేతిలోని పుస్తకము ప్రక్కన పెట్టి యట్లే కూర్చుంటిని. గడ్డిమంట, గీకుడుకత్తి, తోలుంచుట, పొడవుగ పలుచగ కోయుట: ఇవన్నియు నేను చూచియుంటిని. చక్రవర్తి శ్లోకములలో వ్రాసిన పని చెఱువుకట్ట క్రింద నిలిచియున్నది. ఎవడును అక్షరమున వ్రాయకయే, చేతినుండి చేతికి. ఈ రెండిటికి నడుమ తెగని సంబంధమున్నదని నేను వాదింపను. తోలు మందమైన జంతువును ఏ బుద్ధిమంతుడు వండినను ఈ త్రోవనే పోవచ్చును. కాని శ్లోకమైనచో చేతులు జోడించి, చేయి యైనచో ముక్కు మూసికొను మనబోటి పండితుల తీరు మాత్రము అప్పుడు నాకు సిగ్గు కలిగించినది.

ఇంట వండుకొనదలచువారికి రెండు మాటలు చెప్పక తప్పదు. అడవిపందిని వేటాడి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడిన విషయము. మీ వేరుసెనగ చేలను అవి యెంత పాడుచేయునో నేనెఱుగుదును; అయినను చట్టప్రకారము అనుమతి లేక చంపరాదు. కావున నేడు మనకు దక్కునది పెంపుడు పందియే. కొట్టములో గోడకట్టి తవుడు, మొక్కజొన్న పెట్టి పెంచినదానిని తీసికొనవలెను. వీథిలో తిరుగుదానిని తీసికొనరాదు. ఇది కులాచారము కాదు, వైద్యము. పందిమాంసమున బద్దెపురుగు పొక్కులుండవచ్చును. ఉడుకని మాంసము తిన్నవాని ప్రేగులలో ఆ పురుగు పెరుగును. వాని మలములోని గ్రుడ్లు పందికి చేరును. ఆ గ్రుడ్లే మురికిచేతులద్వారా, కడుగని కూరాకులద్వారా మనుష్యుని కడుపున బడి మెదడునకు పోయినచో మూర్ఛలు వచ్చును. మాంసము ముట్టని నాబోటివానికి గూడ రావచ్చును. మఱుగుదొడ్డి కట్టినచోట ఈ చక్రము తెగిపోవును. కండలోపల 63 డిగ్రీలు చేరి మూడు నిమిషములు ఆగినచాలునని అమెరికా వ్యవసాయశాఖ 2011లో నిర్ణయించినది. కాని అచటి పెంపకము వేఱు. మనయూళ్లలో ఆ ముసలాయన సూదియే మేలు: నీరు తేటగ వచ్చువఱకు, కండలో ఎఱుపు పోవువఱకు. మెత్తదనము కోరువానికి ఎట్లును మూడునాలుగు గంటలు పట్టును గనుక భయములేదు. తొందరపడి కుక్కరులో వేసి కూతలు లెక్కించువారికి మెత్తనైన ముక్క దొరకునుగాని ఆ పెటపెటలాడు తోలు దొరకదు.

గ్రంథము చదివిన యా వేసవిలో, శ్లోకముల నొక కాగితముపై వ్రాసికొని మఱల ఆ యూరికి పోతిని. మనుమడు అప్పటికి పట్టణమున కళాశాలలో చేరియుండెను. ముసలాయన మంచముపట్టి యుండెను గాని మాట స్పష్టముగనే యుండెను. నేను శ్లోకము చదివి, అర్థము చెప్పి, ఎనిమిదివందల యేండ్లక్రింద కల్యాణి రాజు వ్రాసినాడు తాతా, అంటిని. గుడ్డ కప్పి వేడినీరు పోయుట వినునప్పుడు తలయూపెను. మట్టి పూసి గడ్డితో కాల్చుట వినునప్పుడు, ఒక్కక్షణ మాలోచించి, "ఏ గడ్డో రాశాడా?" అని యడిగెను.

వట్టి గడ్డి యనియే యున్నదంటిని.

"అయితే రాజుగారు దగ్గర నిలబడి చూడలేదు. వరిగడ్డి అయితే మట్టి అక్కర్లేదు, అయ్యవారూ. ముదురు బోదగడ్డి అయితేనే మట్టి పూయాలి, ఆ మంటకు తోలు పగులుద్ది. ఆ మాట కూడా పక్కన రాసిపెట్టండి" అనెను.

ఆ కాగితపు అంచుననే, శ్లోకముప్రక్కన, వ్రాసిపెట్టితిని.